మహావృక్షాలకు కావలి: జాన్ మ్యూర్ జీవితం

అమెరికా పశ్చిమ తీరాన కాలిఫోర్నియా రాష్ట్రంలో సియెర్రా నెవాడా అనే పర్వతశ్రేణి ఉన్నది. ఆ పర్వతాల పడమటి వాలులపై, సముద్రమట్టానికి అయిదారువేల అడుగుల ఎత్తున, సెకోయా అనే మహావృక్షాలు తోపులు తోపులుగా పెరుగుతాయి. లోకంలో మరెక్కడా ఇవి తమంత తాముగా మొలవవు. వీటిలో అన్నిటికన్న పెద్దదైన జనరల్ షెర్మన్ వృక్షం ఎత్తు సుమారు 275 అడుగులు. నేలను తాకేచోట దాని మొదలు అడ్డుకొలత సుమారు 36 అడుగులు. పడగొట్టిన చెట్ల మొద్దులపై వలయాలు లెక్కించగా, కొన్నిటి వయస్సు మూడువేల ఏండ్లు మించినట్లు తేలింది. రాజమహేంద్రవరంలో నన్నయభట్టు భారతాంధ్రీకరణకు పూనుకొన్ననాటికే అట్టి చెట్టు రెండువేల హేమంతాలు దాటి నిలిచి ఉన్నది.

ఇంతకాలం పిడుగులకు, దావానలాలకు, మంచుతుపానులకు లొంగని ఈ చెట్లు మనిషి పనిముట్లకు లొంగిపోయాయి. 1853లో కలవేరాస్ తోపులో ఒక మహావృక్షాన్ని అయిదుగురు పనివారు బరమాలతో తొలిచి, మూడు వారాలు శ్రమించి కూల్చివేశారు. దాని మొద్దును చదునుచేసి నాట్యవేదికగా వాడుకొన్నారు. మరుసటి ఏడు అదే తోపులో మరొక చెట్టు బెరడును నూరడుగులకు మించిన ఎత్తువరకు ఒలిచి, దూరప్రాంతాల ప్రదర్శనలకు తరలించారు. తోలు ఒలిచిన జంతువువలె ఆ చెట్టు నిలుచున్నచోటనే మరణించింది. అడవి అంటే ముందుగా చేరినవాడు దోచుకొనగల కొల్ల అని జనం తలచిన కాలమది.

ఆ కాలంలో చెట్ల పక్షాన నిలిచి ప్రజలను, ప్రభుత్వాన్ని కదిలించినవారిలో ముఖ్యుడు జాన్ మ్యూర్. ఆయన అధికారి కాడు, శాసనసభ్యుడు కాడు. కాలినడకన కొండలు తిరిగి, చూచినదానిని చూచినట్లు వ్రాసిన మనిషి. అడవిని కాపాడే చట్టాన్ని చేయించటం ఎంత కష్టమో, చేయించిన చట్టాన్ని నిలుపుకొనటం అంతకన్న ఎంత కష్టమో ఆయన జీవితం వల్ల తెలుస్తుంది.

బావి త్రవ్విన బాలుడు

మ్యూర్ 1838 ఏప్రిల్ 21వ తేదీన స్కాట్లండులోని డన్‌బార్ అనే సముద్రతీరపు పట్టణంలో జన్మించాడు. తండ్రి డేనియల్ ధాన్యవర్తకుడు. మతనిష్ఠ మెండు, దయ తక్కువ. దెబ్బల భయంతో బాలుడు బైబిలులో అధికభాగం కంఠస్థం చేశాడు. 1849లో కుటుంబం అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ ప్రాంతపు అడవి నేలలో కాపురం పెట్టింది. అప్పటికి జానుకు పదకొండేండ్లు. చెట్లు నరికి, మొద్దులు పెకలించి, బీడును పొలంగా మార్చే చాకిరిలో అతని బాల్యం గడిచిపోయింది. అడవులకోసం పోరాడినవాడు తొలుత అడవిని నరికినవాడే కావటం గమనించదగిన విషయం. గొడ్డలి బరువేమిటో, ఆ గొడ్డలి ఎత్తేవాని ఆకలి ఏమిటో అతనికి పుస్తకాల వల్ల తెలిసినది కాదు.

రెండవ పొలంలో నీటికోసం ఇసుకరాతిని తొలుస్తూ తొంబది అడుగుల బావి త్రవ్వవలసి వచ్చింది. ఉలి, సుత్తి పట్టుకొని ఆ బావిలోకి దిగినది జాను ఒక్కడే. ఉదయం మొదలు సాయంత్రం వరకు, నెలల తరబడి, గొట్టం వంటి ఆ చీకటిలో కూర్చుండి రాతిని చెక్కేవాడు. ఒకనాడు అడుగున చేరిన విషవాయువు వల్ల స్పృహ తప్పబోగా, పైనున్నవారు బాల్చీతో లాగి ప్రాణం దక్కించారు. తేరుకొన్న పిమ్మట మరల ఆ బావిలోకే దింపారు.

పగలు చాకిరి, రాత్రి త్వరగా దీపం ఆర్పటం ఆ ఇంటి కట్టుబాటు. అయితే తెల్లవారుజామున ఎంత పెందలకడ లేచినా అభ్యంతరం లేదని తండ్రి ఒకసారి అన్నాడు. ఆ మాటను ఆసరాగా చేసుకొని జాను అర్ధరాత్రి దాటగానే లేచి, నేలమాళిగలో కొయ్యతో గడియారాలు, యంత్రాలు చేయసాగాడు. వేళకు నిద్రించేవానిని కాళ్ళపై నిలబెట్టే మంచం అందులో ఒకటి. 1860లో మాడిసన్ నగరపు ప్రదర్శనలో ఈ వస్తువులను చూచి జనం అబ్బురపడ్డారు. వాటి పుణ్యమా అని అతడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అక్కడ ఒక సహపాఠి ఒకనాడు లోకస్టు చెట్టు పువ్వును చేతికిచ్చి, అంత పెద్ద చెట్టు చిన్న బఠాణీ తీగకు చుట్టమని రేకులు విడదీసి చూపించాడు. ఒక పువ్వుతో నేర్పిన ఆ పాఠం మ్యూర్‌ను జీవితాంతం వృక్షశాస్త్రానికి కట్టివేసింది.

చూపు పోయి వచ్చిన తరువాత

చదువు పూర్తికాకముందే విశ్వవిద్యాలయం విడిచి, కర్మాగారాలలో యంత్రాల పనికి కుదిరాడు. 1867 మార్చిలో ఇండియానాపొలిస్ నగరపు బండ్ల కర్మాగారంలో పని చేస్తుండగా, ఆకురాయి మొన జారి కుడికంట గుచ్చుకొన్నది. కొన్ని గంటలలో రెండవ కన్ను కూడ సానుభూతి వల్ల మసకబారింది. చీకటిగదిలో వారాల తరబడి పడుకొని, ఇక పువ్వులు, చెట్లు చూడలేనేమో అని కుమిలిపోయాడు. క్రమంగా చూపు తిరిగి వచ్చింది. మనుష్యులు చేసిన యంత్రాలకు స్వస్తి చెప్పి, సృష్టిని చూడటానికే మిగిలిన ఆయుస్సు వెచ్చించాలని నిశ్చయించుకొన్నాడు. ఆ సెప్టెంబరులో బయలుదేరి, ఫ్లారిడా సముద్రతీరం వరకు సుమారు వేయి మైళ్ళు నడిచాడు. అక్కడ చలిజ్వరంతో మరణం అంచువరకు పోయి కోలుకొన్నాడు. క్యూబా, పనామాల మీదుగా 1868 మార్చిలో సాన్‌ఫ్రాన్సిస్కో చేరి, నిలువకుండ యోసెమిటీ లోయకు నడిచిపోయాడు.

యోసెమిటీ లోయ, దాని సమీపాన ఉన్న మారిపోసా సెకోయా తోపు అప్పటికే రక్షిత ప్రాంతాలు. అంతర్యుద్ధం సాగుతుండగానే 1864లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఒక చట్టంపై సంతకం చేసి, వాటిని ప్రజల ఉల్లాసంకోసం కాపాడవలసినదిగా కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించాడు. అయితే లోయ మాత్రమే రక్షితం. లోయకు నీరిచ్చే చుట్టుపట్టు కొండలకు, అడవులకు ఏ రక్షణా లేదు.

1869 వేసవిలో మ్యూర్ గొర్రెలమందతో ఆ ఎత్తైన పచ్చికబయళ్ళకు వెళ్ళాడు. వేల గొర్రెలు పోయిన దారిలో పువ్వు మిగలలేదు, లేతమొక్క మిగలలేదు. కాపరులు తిరుగుదారిలో అడవికి నిప్పుపెట్టి మరుసటి ఏటికి మేత పెంచుకొనేవారు. కూలికి కాచిన మంద వల్లనే ఆయనకు గొర్రెలు చేసే నష్టం తేటతెల్లమయింది. తరువాత లోయలోని ఒక పూటకూళ్ళ యజమానికి కోతమిల్లు నిర్మించి నడిపాడు. గాలికి పడిపోయిన చెట్లను మాత్రమే అందులో కోసేవాడు. మనిషికి కలప అక్కరలేదని ఆయన ఏనాడూ అనలేదు. అవసరానికి, దోపిడికి మధ్య గీత ఉన్నదని, ఆ గీతను తాను స్వయంగా రంపం పట్టినప్పుడే గీచుకొన్నాడు.

ఆ కాలంలోనే ఆయన హిమానీనదాల జాడలు వెదకి, యోసెమిటీ లోయను మలచినది మంచేనని వాదించాడు. లోయ అడుగు ఒక్కపెట్టున కుంగిపోయినదని రాష్ట్ర భూగర్భశాస్త్రజ్ఞుడు జోసయా విట్నీ అభిప్రాయం. చదువు ముగించని గొర్రెలకాపరి మాటను పండితులు తేలికగా తీసిపారవేశారు. 1871లో ఆయన ఆ పర్వతాలలో సజీవమైన హిమానీనదాన్ని కనుగొన్నాడు. లోయ రూపొందటంలో నదికి, ఇతర శక్తులకు కూడ భాగమున్నదని తరువాతి శాస్త్రం చెప్పినా, మంచు పాత్ర విషయంలో మ్యూర్ మాటే నిలిచింది.

గొడ్డలి, కాగితం

1875లో మ్యూర్ ఒక కంచరగాడిదను వెంటబెట్టుకొని, సెకోయా తోపులను ఒక్కొక్కటిగా చూస్తూ దక్షిణానికి పోయాడు. మిక్కిలి విశాలమైన ఒక తోపుకు మహారణ్యం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరే నేటికీ నిలిచి ఉన్నది. అయితే ఆ ప్రయాణంలో ఆయనకు చెట్లతోపాటు కోతమిల్లులు కూడ ఎదురయ్యాయి. సెకోయా కలప పెళుసు. అంత ఎత్తు నుండి కూలినప్పుడు మాను ముక్కలు ముక్కలుగా పగిలిపోతుంది. మరీ లావైన దుంగలను మిల్లుకు చేర్చలేక తుపాకిమందుతో పేల్చి చీల్చేవారు. చాలాభాగం అడవిలోనే వ్యర్థమైపోగా, మిగిలినది కంచె గుంజలుగాను, ద్రాక్షతోటల ఊతకర్రలుగాను, ఇంటికప్పు చెక్కలుగాను అమ్ముడుపోయేది. రెండువేల ఏండ్ల చెట్టు చివరికి కంచెగుంజ అయ్యేది.

1876 ఫిబ్రవరిలో మ్యూర్ శాక్రమెంటో నగరపు దినపత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. అడవులు పోతే నీటిబుగ్గలు ఎండుతాయని, వరదలు పెరుగుతాయని, దిగువ మైదానాల సేద్యం దెబ్బతింటుందని అందులో హెచ్చరించి, శాసనసభ కలుగజేసుకోవాలని కోరాడు. ఆ సంవత్సరం శాసనసభ కదలలేదు.

ఆనాటి అడవిదొంగతనం రెండు మార్గాల సాగేది. మొదటిది బాహాటమైనది. ప్రభుత్వ భూమి అంచున మిల్లు పెట్టి, హద్దు దాటి నరుక్కొనిపోవటం. హద్దురాళ్ళు లేవు; ఉన్నచోట చూచేవాడు లేడు. రెండవ మార్గం ఇంతకన్న సూక్ష్మమైనది. 1878లో కలప, రాతి భూముల చట్టం వచ్చింది. సేద్యానికి పనికిరాని అడవిభూమిని మనిషికి 160 ఎకరాలకు మించకుండ, ఎకరం రెండున్నర డాలర్ల చొప్పున ప్రభుత్వం అమ్ముతుంది. కొనేవాడు ఆ భూమి తన సొంత వాడకానికేనని, మరెవరికోసమో కొనటం లేదని ప్రమాణం చేయాలి. పేదరైతుకు ఇంటికలప దొరకాలన్నది పైకి చెప్పిన ఉద్దేశం.

జరిగినది వేరు. కలప కంపెనీల ఏజెంట్లు ఓడరేవులలో నావికులను, కూలీలను పోగుచేసి, భూముల కచేరీకి నడిపించుకొని పోయేవారు. వారు వరుసగా ప్రమాణాలు చేసి, సంతకాలు పెట్టి, పట్టా కంపెనీకి బదలాయించి, చేతిలో పడ్డ నాలుగు డాలర్లతో వెళ్ళిపోయేవారు. మన భాషలో దీనికి బినామీ అని పేరు. ఇట్లు చేతులు మారిన భూములలో లక్షల డాలర్ల విలువగల ప్రాచీన వనాలున్నవి. గొడ్డలి పట్టిన దొంగను పట్టుకొనవచ్చు. ముద్రవేసిన కాగితం పట్టుకొని వచ్చినవానిని అడ్డుకొనేది ఎవరు? మ్యూర్ తన జీవితంలో ఎదుర్కొన్న శత్రువులలో ప్రబలుడు ఈ రెండవవాడే.

ఉద్యానాల స్థాపన

1880లో మ్యూర్ లూయీ స్ట్రెంట్జెల్ అనే విదుషిని వివాహమాడి, మార్టినెజ్ పట్టణం వద్ద మామగారి పండ్లతోటల నిర్వహణ చేపట్టాడు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. తోటలు లాభించాయి, కాని రచన మూలపడింది, ఆరోగ్యం క్షీణించింది. భర్త మనస్సు ఎక్కడ ఉన్నదో గుర్తించిన లూయీ, పొలంపనుల కంటె ఆయన ఆరోగ్యం, రచనలే తనకు ముఖ్యమని తెలిపి, మరల కొండలకు పొమ్మని ప్రోత్సహించింది. ఆ ఇల్లాలి వివేకానికి అడవులు రుణపడి ఉన్నాయి.

1889లో న్యూయార్కు మాసపత్రిక సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ వచ్చి, మ్యూర్‌తో కలిసి యోసెమిటీ ఎగువ బయళ్ళలో విడిసి, గొర్రెలు మేసిపోయిన నేలను కన్నులారా చూశాడు. లోయ చుట్టూ ఉన్న కొండలన్నిటినీ జాతీయోద్యానంగా చేయించాలని ఇద్దరూ నిశ్చయించారు. మ్యూర్ రెండు వ్యాసాలు వ్రాశాడు. జాన్సన్ రాజధానిలో శాసనసభ్యులను ఒప్పించాడు. 1890 అక్టోబరు 1న సుమారు 1,500 చదరపు మైళ్ళ యోసెమిటీ జాతీయోద్యానం ఏర్పడింది. అంతకు వారంరోజుల ముందే, సెప్టెంబరు 25న, సెకోయా జాతీయోద్యానం వెలిసింది. ఈ రెండవదానికి విసేలియా పట్టణపు పత్రికాసంపాదకుడు జార్జి స్టూవర్టు చేసిన కృషి ముఖ్యకారణం.

చట్టం వచ్చింది, కావలి ఏదీ? ఉద్యానంలో చొరబడినవానికి ఏ శిక్ష విధించాలో ఆ చట్టంలో లేదు. 1891 నుండి వేసవికాలాలలో సైన్యపు రౌతులు వచ్చి కాపలా కాశారు. శిక్షించే అధికారం లేని ఆ సైనికులు ఒక ఉపాయం పన్నారు. చొరబడ్డ కాపరిని ఉద్యానపు ఒక హద్దు నుండి, అతని గొర్రెలను ఎదుటి హద్దు నుండి వెళ్ళగొట్టేవారు. మందను కలుసుకొనటానికి కాపరికి రోజులు పట్టేది. ఆలోగా గొర్రెలు చెల్లాచెదరయ్యేవి. రెండు మూడు సంవత్సరాలలో చొరబాటు చాలవరకు తగ్గింది, పచ్చిక మరల పుష్పించింది. కాపలాదారు ఉంటేనే చట్టం ఉన్నట్లని మ్యూర్ ఈ అనుభవం వల్ల గ్రహించి, సైనికులను తన రచనలలో మెచ్చుకొన్నాడు.

1892 మే 28న ఆయన అధ్యక్షతన సియెర్రా క్లబ్బు అనే సంఘం ఏర్పడింది. ఉద్యానాల హద్దులు తగ్గించటానికి కలప, పశువుల వ్యాపారులు ప్రయత్నించినప్పుడల్లా ప్రతిఘటించటం దాని తొలి కర్తవ్యం. మరణించేవరకు మ్యూరే దానికి అధ్యక్షుడు.

హద్దుకు లోపల ఉన్న చెట్లు బ్రతికాయి. బయట ఉన్నవాటి గతి వేరు. సెకోయా తోపులన్నిటిలో విశాలమైనవాటిలో ఒకటైన కాన్వర్స్ లోయ కలప కంపెనీల పాలై, 1890ల నుండి ఇంచుమించు పూర్తిగా నేలమట్టమైంది. అరువది మైళ్ళకు కొంచెం తక్కువ పొడవైన చెక్కకాలువ కట్టి, కోసిన కలపను నీటిపై తేల్చి మైదానానికి దింపారు. వేల మహావృక్షాలు కూలాయి. పెద్దవాటిలో ముఖ్యమైనది ఒక్కటే మిగిలింది. ఇంత విధ్వంసం చేసినా ఆ వ్యాపారం లాభసాటి కాలేదు. దానికి చేరువలోనే 1891లో మార్క్ ట్వేన్ పేరుగల చెట్టును నరికి, దాని అడ్డుకోతలను న్యూయార్కు, లండను నగరాల ప్రదర్శనశాలలకు పంపారు. వలయాలు లెక్కించగా వయస్సు 1,341 సంవత్సరాలని తేలింది. వేంగిలో కుబ్జవిష్ణువర్ధనుడు రాజ్యం స్థాపించకముందే మొలకెత్తిన చెట్టు అది.

అధ్యక్షునితో మూడు రాత్రులు

1896లో జాతీయ అటవీసంఘం పశ్చిమ రాష్ట్రాల అడవులను పరిశీలించినప్పుడు మ్యూర్ వారివెంట తిరిగాడు. వారి సలహాపై 1897 ఫిబ్రవరి 22న అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ 2 కోట్ల 10 లక్షల ఎకరాలను రక్షితారణ్యాలుగా ప్రకటించాడు. పశ్చిమప్రాంతపు వ్యాపారులు మండిపడ్డారు. శాసనసభ ఆ ప్రకటనలో అధికభాగాన్ని కొంతకాలం నిలిపివేసింది; ఆ గడువులో దొరికినంత భూమిని కాజేయటానికి అవకాశం చిక్కింది. మ్యూర్ మరల కలం పట్టాడు. బినామీ పట్టాల మోసాన్ని, అడవిని కాల్చి మిగిలినది నరికే పద్ధతిని దేశమంతటా చదివే మాసపత్రికలలో ఎండగట్టాడు. అప్పటివరకు అడవి విషయం పశ్చిమదేశపు తగాదా మాత్రమే. ఆ వ్యాసాలతో అది జాతి సమస్య అయింది.

1903 మేలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ యోసెమిటీకి వచ్చి, విందులను, ఉత్సవాలను తప్పించుకొని, మ్యూర్‌తో మూడు రాత్రులు ఆరుబయట గడిపాడు. మొదటి రాత్రి మారిపోసా తోపులో సెకోయాల క్రింద, రెండవ రాత్రి కొండకొమ్మున కురుస్తున్న మంచులో నిద్రించారు. యోసెమిటీ లోయ రాష్ట్రం చేతిలో నిర్లక్ష్యానికి గురి అయినదని, దానిని జాతీయోద్యానంలో కలపాలని మ్యూర్ నచ్చజెప్పాడు. 1906లో ఆ కోరిక నెరవేరింది. రూజ్‌వెల్ట్ తన పదవీకాలంలో దేశపు రక్షితారణ్యాలను ఎన్నోరెట్లు పెంచాడు.

ఆ సంవత్సరాలలోనే బినామీ వ్యాపారం న్యాయస్థానం మెట్లెక్కింది. ఆరెగన్ రాష్ట్రపు అడవిభూముల మోసాలలో అనేకులు శిక్షలు పొందారు. వారిలో ఆ రాష్ట్రపు సెనేటు సభ్యుడు జాన్ మిచెల్ ఒకడు. 1905లో న్యాయస్థానం అతనిని దోషిగా తేల్చింది. అడవిదొంగ ఎప్పుడూ అడవిలోనే ఉండడని ఆ తీర్పు వల్ల లోకానికి తెలిసింది. అయితే అదే 1905లో గనుల, కలప వ్యాపారుల ఒత్తిడికి లొంగి శాసనసభ యోసెమిటీ ఉద్యానం నుండి అయిదువందల చదరపు మైళ్ళకు మించిన భూమిని తొలగించింది. ఒక చేత గెలిచినది మరొక చేత జారిపోయేది.

రూజ్‌వెల్ట్‌తో విడిసిన ఆ ఏడాదే మ్యూర్ ప్రపంచయాత్రకు బయలుదేరి, యూరపు, రష్యాల అడవులు చూచి, భారతదేశానికి కూడ వచ్చాడు. హిమాలయ సానువులలోని దేవదారు వనాలను దర్శించాడు. డెబ్బదిమూడేండ్ల వయస్సులో దక్షిణ అమెరికాకు, ఆఫ్రికాకు ఒంటరిగా పోయి అక్కడి ప్రాచీన వృక్షాలను చూచి వచ్చాడు.

చివరి ఓటమి

1908లో విలియం కెంట్ అనే ధనికుడు సాన్‌ఫ్రాన్సిస్కో చెంత తాను కొని కాపాడిన రెడ్‌వుడ్ వనాన్ని దేశానికి దానమిచ్చి, దానికి మ్యూర్ పేరు పెట్టించాడు. విధివైచిత్రి ఏమనగా, అయిదేండ్ల పిమ్మట ఆ కెంటే శాసనసభలో మ్యూర్‌కు ఎదురు నిలిచాడు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన నీటికోసం యోసెమిటీ ఉద్యానంలోని హెచ్‌హెచీ లోయకు ఆనకట్ట కట్టదలచింది. నగరానికి నీరు కావలసిన మాట నిజమే. కాని రక్షితమని ప్రకటించిన నేలను అవసరం పేర ఒకసారి విడిచిపెడితే, ఆపైన ఏ హద్దూ నిలువదని మ్యూర్ వాదం. ఏండ్ల తరబడి పోరాడాడు. 1913 డిసెంబరు 19న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆనకట్ట చట్టంపై సంతకం చేశాడు. మరుసటి సంవత్సరం డిసెంబరు 24న, డెబ్బదియారవ ఏట, మ్యూర్ లాస్‌ఏంజిలిస్ నగరంలో ఊపిరితిత్తుల వ్యాధితో మరణించాడు. ఆ ఓటమి నిష్ఫలం కాలేదు. దేశమంతటా రేగిన ఆ చర్చ ఫలితంగా, ఉద్యానాలను కాపాడటానికి ప్రత్యేకశాఖ కావాలన్న భావం బలపడి, 1916లో జాతీయోద్యాన శాఖ ఏర్పడింది.

మహనీయుల జీవితాలలో మచ్చలను దాచటం విద్యార్థులకు మేలు కాదు. యోసెమిటీ లోయ మనుష్యులు లేని దేవభూమి కాదు. ఆవానీచీ అనే ఆదివాసులు తరతరాలుగా అక్కడ నివసించారు. 1851లో సాయుధదళం వారిని తరిమివేసింది. మ్యూర్ తొలిరచనలలో ఆదివాసులను గూర్చి చిన్నచూపు కనబడుతుంది. అలాస్కా యాత్రలలో ఆదివాసుల సహవాసం కలిగిన పిమ్మట ఆయన చూపు కొంత మారినా, ఆ అడవులపై వారికున్న హక్కును ఆయన ఎలుగెత్తి చాటలేదు. ఆయన స్థాపించిన సంఘమే 2020లో ఈ దోషాన్ని బహిరంగంగా అంగీకరించింది. ఈ లోపానికి చెట్లు కూడ మూల్యం చెల్లించాయి. ఆదివాసులు అదనెరిగి చిన్నచిన్న మంటలు పెట్టి అడవి అడుగున పొదలు పేరుకోకుండ చూచేవారు. సెకోయా కాయలు విచ్చి గింజలు రాలటానికి కూడ మంట వేడిమి తోడ్పడుతుంది. వారిని పంపివేసి, మంట అన్నది రాకుండ ఒక శతాబ్దం ఆపగా, చెత్త కుప్పలుగా పెరిగింది. వేడెక్కిన వాతావరణంలో 2020, 2021 సంవత్సరాలలో రేగిన కార్చిచ్చులు పెద్ద సెకోయాలలో పదింట ఒకటికి పైగా బలిగొన్నాయి.

దొంగ కూడ పోలేదు. సముద్రతీరపు రెడ్‌వుడ్ ఉద్యానాలలో రాత్రివేళ యంత్రపు రంపాలతో వచ్చి, ప్రాచీన వృక్షాల మొదళ్ళలోని బుడిపెలను కోసుకొనిపోయేవారు బయలుదేరారు. చక్కని రేఖలుండే ఆ కలప బల్లలకు, అలంకార వస్తువులకు వెలపలుకుతుంది. చెట్టు దెబ్బతిన్నప్పుడు మరల చిగిర్చే శక్తి ఆ బుడిపెలోనే ఉంటుంది. ఈ దొంగతనం మితిమీరగా, 2014లో ఆ వనంలోని ఒక రహదారిని రాత్రులు మూసివేయవలసి వచ్చింది. జాతీయోద్యానం, చట్టం, కాపలాశాఖ అన్నీ ఉన్న దేశంలోనే ఈ స్థితి.

ఇన్ని గెలుపులు, ఓటముల తరువాత మ్యూర్ మిగిల్చినది ఏమిటి? ఆయన వ్రాయకున్న సెకోయా కొండలలో ఎన్ని లోయలు కాన్వర్స్ లోయవలె మొద్దులబయలు అయ్యేవో ఊహించవచ్చు. అంతకన్న ముఖ్యమైనది ఆయన పని చేసిన పద్ధతి. ముందు చెట్టును తెలుసుకొన్నాడు. దాని వయస్సు, కొలత, నీటితో దాని సంబంధం లెక్కగట్టాడు. పిమ్మట దానిని దోచేవాని మార్గం తెలుసుకొన్నాడు. ఏ చట్టంలో ఏ సందు ఉన్నదో, ఏ కచేరీలో ఏ ప్రమాణం అబద్ధమో విడమరచి చెప్పాడు. ఆపైన తెలిసినది తనలో దాచుకొనక, పాఠకుల ముందుంచాడు. చెట్టుకు కాళ్ళు లేవు, నోరు లేదు. తప్పించుకొనలేదు, ఫిర్యాదు చేయలేదు. దాని పేరు, దాని ఈడు ఎరిగిన మనుష్యులు ఊరికి పదిమంది ఉంటే, గొడ్డలితో వచ్చినవాడు, కాగితంతో వచ్చినవాడు ఇద్దరూ వెనుకాడుతారు. ఆ పదిమందిని తయారుచేసే పని బడిలోనే మొదలుకావాలి. మ్యూర్‌కు కూడ అది ఒక చెట్టుక్రింద, ఒక పువ్వుతో, ఒక సహపాఠి చెప్పిన పాఠంతోనే మొదలయింది.